లిథియం, సోడియం, పొటాషియం: వీటిలో ఏది ఎక్కువ చురుకైనది?

క్షార లోహాల పాఠం చదివిన ఇంటర్ విద్యార్థి ఎవరైనా తడుముకోకుండా చెప్పే వాక్యం ఒకటుంది: గ్రూపులో పై నుంచి కిందికి వచ్చేకొద్దీ ఈ లోహాల చర్యాశీలత పెరుగుతుంది. లిథియం నెమ్మది, సోడియం చురుకు, పొటాషియం ఇంకా చురుకు, రుబీడియం, సీజియం అయితే నీరు తగిలీ తగలగానే పేలతాయి. అదే పుస్తకంలో కొన్ని పేజీలు తిప్పితే ఒక పట్టిక ఎదురవుతుంది. అందులో ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ లిథియానికి మైనస్ 3.04 వోల్టులు, సోడియానికి మైనస్ 2.71, పొటాషియానికి మైనస్ 2.93 అని ఉంటుంది. ఈ అంకె ఎంత మైనస్‌లో ఉంటే లోహం నీటిలో ఎలక్ట్రాన్‌ను వదిలే మొగ్గు అంత ఎక్కువ. అంటే నీటి ద్రావణంలో అన్నిటికన్నా బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది) లిథియం, అన్నిటికన్నా బలహీనమైనది సోడియం. ఈ రెండు సంగతులనూ విడివిడిగా బట్టీ పట్టి, రెండింటికీ మార్కులు తెచ్చుకుని, అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదని గమనించకుండానే డిగ్రీ దాకా వెళ్లిపోయేవారు తక్కువేమీ కాదు.

నిజానికి రెండూ సరైనవే. చర్య జరిగితే ఎంత శక్తి వెలువడుతుంది, ఎంత వేగంగా వెలువడుతుంది, ఏ ఉష్ణోగ్రతలో, ఏ పదార్థం నడుమ జరుగుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటికి క్షార లోహాలు ఇచ్చే సమాధానాలు ఒకే వరుసలో ఉండవు. ఈ తేడాలను పరిశీలించడానికి విశాఖపట్నం తగిన చోటు. ఉప్పు గాలి, ప్రయోగశాలలు, కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) దిగే ఓడరేవు, పొటాషియం ఆవిర్లతో నిత్యం వేగే ఉక్కు కొలుములు అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి.

లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, ఫ్రాన్షియం అనే ఆరింటికీ బాహ్య కక్ష్యలో ఉండేది ఒకే ఒక ఎలక్ట్రాన్. లోపలి కక్ష్యల్లోని ఎలక్ట్రాన్ల వల్ల కేంద్రకపు ఆకర్షణ చాలావరకు అడ్డగింపబడి, ఈ చివరి ఎలక్ట్రాన్ వదులుగా ఉంటుంది. దాన్ని తీసేయడానికి సోడియానికి మోలుకు 496 కిలోజౌళ్లు చాలు. రెండో ఎలక్ట్రాన్‌ను తీయాలంటే 4,500 కిలోజౌళ్లు దాటుతుంది. అందుకే ఈ లోహాల రసాయన జీవితమంతా ఒక్క ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడంతోనే ముగుస్తుంది. సంయోగ పదార్థాల్లో ఇవి దాదాపు ఎప్పుడూ ప్లస్ ఒకటి స్థితిలోనే కనిపిస్తాయి. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ మొదటి అయనీకరణ శక్తి లిథియంలో 520, పొటాషియంలో 419, సీజియంలో 376 కిలోజౌళ్లుగా తగ్గుతూ వస్తుంది. 'కిందికి పోతే చురుకు ఎక్కువ' అన్న సూత్రానికి ఆధారం ఈ అంకెలే. అయితే ఇవి వాయు స్థితిలో ఒంటరిగా ఉన్న పరమాణువుకు వర్తించేవి. సీసాలో ఉన్న లోహపు ముక్క ఒంటరి పరమాణువు కాదు, దాని మీద పడే నీరు శూన్యమూ కాదు.

ఒక్కొక్క పరమాణువు ఒక్క ఎలక్ట్రాన్‌నే లోహ బంధానికి ఇవ్వగలదు కాబట్టి ఆ బంధం బలహీనం. సోడియం చాకుకు మెత్తగా తెగుతుంది. ద్రవీభవన స్థానాలు లిథియంలో 180.5 డిగ్రీల సెల్సియస్, సోడియంలో 97.8, పొటాషియంలో 63.5, రుబీడియంలో 39.3, సీజియంలో 28.5గా దిగజారుతూ వస్తాయి. యూరప్‌లో అచ్చైన పుస్తకాలు సీజియాన్ని ఘన లోహాల జాబితాలో వేయడానికి వెనుకాడవు. విశాఖలో మాత్రం గాజు గొట్టంలో బంధించిన సీజియం ఏడాదిలో చాలా మధ్యాహ్నాలు లేత బంగారు రంగు ద్రవంగానే ఉంటుంది, శీతకాలపు తెల్లవారుజామున గడ్డకడుతుంది. సాంద్రతల్లో ఒక చిన్న వంకర ఉంది. ఘన సెంటీమీటరుకు లిథియం 0.53, సోడియం 0.97, పొటాషియం 0.86 గ్రాములు. పొటాషియం దగ్గర పరమాణు పరిమాణం బరువు కన్నా ఎక్కువగా పెరగడంతో అది సోడియం కంటే తేలికైపోయింది. ఈ మూడూ నీటి మీద తేలుతాయి, రుబీడియం, సీజియం మునుగుతాయి. ఫ్రాన్షియం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. 1939లో మార్గరీట్ పెరే కనుగొన్న ఆ మూలకపు అత్యంత స్థిరమైన ఐసోటోపు అర్ధాయువే 22 నిమిషాలు. దాని లోహపు ముక్కను చూసినవారు లేరు.

గాలిలో ఈ లోహాల ప్రవర్తనకు వద్దాం. సేంద్రియ పదార్థాల్లో నైట్రోజన్, సల్ఫర్, హాలోజన్లను గుర్తించడానికి డిగ్రీ విద్యార్థులు చేసే లాసైన్ పరీక్షలో సోడియం ముక్కను కోయక తప్పదు. కిరోసిన్ సీసాలోంచి పట్టకారుతో తీసిన కడ్డీ మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. దాన్ని వడపోత కాగితం మీద అద్ది, చాకుతో అడ్డంగా కోస్తే లోపల వెండిలా తళుక్కుమంటుంది. ఆ తళుకు ఎంతోసేపు నిలవదు. గాలిలో తేమ దండిగా ఉండే విశాఖ వాతావరణంలో చూస్తుండగానే బూడిద రంగు పొర కమ్ముకుంటుంది. శనగ గింజంత ముక్కను సన్నని గాజు గొట్టంలో వేసి, అది కరిగాక పరీక్షించాల్సిన పదార్థాన్ని చేర్చి, గొట్టం అడుగు ఎర్రబడే వరకు కాల్చి కల్వంలోని స్వేదన జలంలో ముంచుతారు. కోతలో మిగిలిన తునకలను సింకులో పడేయకూడదు, ఆల్కహాల్‌లో వేసి నెమ్మదిగా కరగనివ్వాలి. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలది ఇంకో తంటా. వాచ్‌గ్లాసులో పెట్టి తూచే లోపే అవి తేమ పీల్చుకుని చెమర్చి అతుక్కుంటాయి. అందుకే ఆ ద్రావణపు గాఢతను తూకాన్ని నమ్మి రాసుకోరు, ఆక్సాలిక్ ఆమ్లంతో అంశమాపనం చేసి నిర్ధారిస్తారు.

గాలిలో మండించినప్పుడు మూడు లోహాలూ మూడు దారులు పడతాయి. లిథియం మామూలు ఆక్సైడ్‌ను ఇస్తుంది. దానితోపాటు గాలిలోని నైట్రోజన్‌తోనూ కలిసి నైట్రైడ్‌గా మారుతుంది, మిగతా క్షార లోహాలు మామూలుగా ఆ పని చేయవు. సోడియం ప్రధానంగా పెరాక్సైడ్‌ను, పొటాషియం సూపర్ ఆక్సైడ్‌ను ఇస్తాయి. కారణం అయాన్ల పరిమాణాల పొంతన. చిన్న లిథియం అయాన్ పక్కన చిన్న ఆక్సైడ్ అయాన్ గట్టిగా ఇముడుతుంది. రెండు ఆక్సిజన్ పరమాణువులున్న పెద్ద సూపర్ ఆక్సైడ్ అయాన్ నిలవాలంటే పక్కన పొటాషియం అంత పెద్ద అయాన్ కావాలి. లిథియం కార్బొనేట్ వేడికి విడిపోతుండగా సోడియం కార్బొనేట్ చెక్కుచెదరకపోవడం వెనకా ఉన్నది ఇదే సూత్రం. పొటాషియం సూపర్ ఆక్సైడ్ మనిషి వదిలిన ఊపిరిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆక్సిజన్‌ను తిరిగి ఇస్తుంది కనుక గనుల్లో ప్రాణరక్షణకు వాడే శ్వాస పరికరాల్లో దానికి చోటు దొరికింది.

భద్రపరచడంలోనూ తేడాలున్నాయి, వాటిని పాఠాలు తరచుగా దాటవేస్తాయి. 'క్షార లోహాలను కిరోసిన్‌లో నిల్వ చేస్తారు' అన్న వాక్యం సోడియానికి సరిపోతుంది. లిథియం కిరోసిన్ కన్నా తేలిక కాబట్టి పైకి తేలి గాలి తగిలించుకుంటుంది, దానికి పారఫిన్ మైనం పూత పూస్తారు. పొటాషియం మునుగుతుంది గానీ, ఏళ్ల తరబడి మూల పడి ఉన్న సీసాలో లోహం మీద పసుపు పచ్చని సూపర్ ఆక్సైడ్ పెచ్చు పేరుకుని ఉండవచ్చు. చాకు ఆ పెచ్చును లోహంలోకీ నూనెలోకీ నొక్కితే పేలే ప్రమాదం ఉంది. పాత పొటాషియం సీసాను తెరిచే ముందు అనుభవజ్ఞులను పిలవడం పిరికితనం కాదు. ఈ లోహాలు అంటుకుంటే నీరు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు పనికిరావు. పొడి ఇసుక (మండే లిథియానికి ఇదీ తగదు) లేదా లోహాల మంటలకు ప్రత్యేకంగా తయారైన పొడి వాడాలి. ఇసుక విషయంలో 'పొడి' అన్న మాటకు సముద్రతీరంలో ఇంకాస్త బరువు ఉంది, బీచ్ నుంచి బకెట్‌తో తెచ్చిన ఇసుకలో తేమ ఉండనే ఉంటుంది.

ఇక నీటితో చర్య. ఒక మోలు లిథియం నీటితో పూర్తిగా చర్య జరిపితే సుమారు 222 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. సోడియానికి అది 184, పొటాషియానికి 196. గ్రాముల లెక్కన చూస్తే అంతరం ఇంకా పెద్దది: లిథియం గ్రాముకు 32 కిలోజౌళ్లు, సోడియం 8, పొటాషియం 5. అన్నిటికన్నా ఎక్కువ శక్తి దాచుకున్న లోహం నీటి మీద బుడగలు వదులుతూ తాపీగా తిరుగుతుంది, అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్నది ఊదా మంటతో భగ్గుమంటుంది. దీన్ని అయనీకరణ శక్తి ఒక్కటే వివరించలేదు. లిథియం కరగాలంటే 180 డిగ్రీలు దాటాలి. చుట్టూ ఉన్న నీరు ఉష్ణాన్ని లాగేస్తుంటే ముక్క ఆ స్థాయికి చేరదు, ఘనంగానే ఉండి ఉపరితలం నుంచి నెమ్మదిగా అరుగుతుంది. ఏర్పడే లిథియం హైడ్రాక్సైడ్‌కు కరిగే గుణం కూడా తక్కువే. సోడియం 98 డిగ్రీలకే కరిగి గోళీగా మారి పరుగెడుతుంది. పొటాషియం అంతకన్నా ముందే కరుగుతుంది. ద్రవ లోహం ఉపరితలం నిత్యం కొత్తబడుతూ ఉండటంతో చర్య ఆగదు, వెలువడే హైడ్రోజన్ అంటుకుంటుంది.

హైడ్రోజన్ అంటుకోవడమే పేలుడుకు కారణమని చాలాకాలం అందరూ సరిపెట్టుకున్నారు. ఆ వివరణలో ఒక లొసుగు ఉంది. లోహానికీ నీటికీ మధ్య హైడ్రోజన్ వాయువు, నీటి ఆవిరి ఒక పొరలా ఏర్పడితే అది రెండింటినీ వేరుచేసి చర్యను మందగింపజేయాలి, పేల్చకూడదు. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ నాయకత్వంలోని చెక్ శాస్త్రవేత్తల బృందం సోడియం పొటాషియం మిశ్రమ లోహపు బొట్టును నీటిలో వేసి అతివేగ కెమెరాతో చిత్రించింది. నీటిని తాకిన తరవాత మిల్లీసెకను కూడా గడవకముందే బొట్టు లోంచి ముళ్లలాంటి లోహపు శలాకలు నీటిలోకి దూసుకుపోవడం అందులో కనిపించింది. ఉపరితలంలోని పరమాణువులు ఎలక్ట్రాన్లను ఒక్కసారిగా నీటికి వదిలేయడంతో అక్కడ ధనావేశ అయాన్లు మాత్రమే మిగిలి, ఒకదాన్నొకటి నెట్టుకుని బొట్టును చీల్చేస్తాయి. చీలిన కొద్దీ కొత్త ఉపరితలం నీటికి దొరుకుతుంది. హైడ్రోజన్ మంట ఆ తరవాతి ఘట్టం. రెండు వందల ఏళ్లుగా తరగతి గదుల్లో చూపిస్తున్న ప్రయోగానికి అసలు కారణం ఇంత ఆలస్యంగా బయటపడటం ఆశ్చర్యమే. సోడియం, పొటాషియం లోహాలను హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణతో మొదటిసారి వేరుచేసింది 1807లో.

లిథియం ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ ముడిని విప్పడానికి కూడిక, తీసివేత చాలు. లోహపు ముక్క నీటిలో అయాన్‌గా మారడానికి మూడు మెట్లున్నాయి: పరమాణువును లోహం నుంచి విడదీయాలి, దాని ఎలక్ట్రాన్‌ను తీయాలి, ఆ పైన అయాన్ చుట్టూ నీటి అణువులు చేరాలి (దీన్నే ఆర్ద్రీకరణ అంటారు). మొదటి రెండింటికీ శక్తి ఖర్చవుతుంది, మూడోదానిలో తిరిగి వస్తుంది. లిథియానికి సుమారు 160, 520 కలిపి 680 కిలోజౌళ్ల ఖర్చు, సీజియానికి 76, 376 కలిపి 450 మాత్రమే. ఇంతవరకు సీజియానిదే పైచేయి. కానీ మరీ చిన్నదైన లిథియం అయాన్ నీటి అణువులను ఎంత బిగువుగా పట్టుకుంటుందంటే, ఆర్ద్రీకరణలో దానికి సుమారు 520 కిలోజౌళ్లు తిరిగి దక్కుతాయి, సీజియానికి 265 దాటవు. నికరంగా లిథియం ఖర్చు 160, సీజియానిది 185కు పైన, సోడియానిది 200కు దగ్గర. ఎంట్రోపీని పక్కన పెట్టిన స్థూలమైన లెక్కే ఇది, అయినా వరుస మాత్రం పట్టికతో సరిపోతుంది. నీటిని తీసేస్తే లిథియానికి ఈ ఆధిక్యం దక్కదు.

బ్యాటరీలకు లిథియం నప్పడానికి ఈ పొటెన్షియల్ ఒక కారణం, పరమాణు భారం ఏడుకు మించకపోవడం మరో కారణం. అయితే ఫోన్లలో, విద్యుత్ స్కూటర్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలో మామూలు పరిస్థితుల్లో లిథియం లోహం ఉండదు. ఛార్జి ఎక్కినప్పుడు లిథియం గ్రాఫైట్ పొరల సందుల్లోకి చేరుతుంది. కనుక స్కూటర్ బ్యాటరీ అంటుకుంటే 'లిథియం కదా, నీరు పోయకూడదు' అనే సలహా లోహానికి చెల్లుతుంది గానీ దీనికి చెల్లదు. అక్కడ మండేది ముఖ్యంగా సేంద్రియ ద్రావణి. పక్క సెల్‌లకు వేడి పాకకుండా అగ్నిమాపక సిబ్బంది విస్తారంగా నీటినే వాడతారు.

ఆర్ద్రీకరణ బలంలో ఉన్న ఈ వ్యత్యాసం సముద్రంలోనూ కనిపిస్తుంది. భూపటలంలో సోడియం, పొటాషియం రెండూ ఇంచుమించు సమానంగా, రెండు మూడు శాతం మధ్య ఉన్నాయి. సగటు సముద్రపు నీటిలో మాత్రం కిలోకు సోడియం 10.8 గ్రాములుంటే పొటాషియం 0.4 గ్రాములే. రాళ్ల నుంచి రెండూ విడుదలవుతాయి, కానీ పొటాషియం అయాన్ తన చుట్టూ ఉన్న నీటిని సులువుగా వదిలించుకుని బంకమట్టి ఖనిజాల పొరల మధ్య ఇరుక్కుంటుంది, మొక్కలూ దాన్ని పీల్చుకుంటాయి. నీటిని గట్టిగా పట్టుకున్న సోడియం నదులతో కొట్టుకుపోతుంది. బంకమట్టి తక్కువైన తేలిక నేలల్లో పొటాషియానికి ఆ పట్టు దొరకదు. వరికి పొటాష్ మొత్తాన్ని ఆఖరి దమ్ములో వేయవచ్చునని చెప్పే వ్యవసాయ శాస్త్రవేత్తలే, తేలిక నేలలైతే సగం దమ్ములో, మిగతా సగం అంకురం ఏర్పడే దశలో వేయమంటారు. ఆ ఎరువు దాదాపు మొత్తం విదేశాల నుంచి ఓడల్లో రావలసిందే.

విశాఖ ఓడరేవులో దిగే క్షార పదార్థాల్లో కాస్టిక్ సోడా మరొకటి. ఒడిశాలోని దామన్‌జోడిలో బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే నాల్కో తన కాస్టిక్ సోడాను ఇక్కడే దింపుకుని, తయారైన అల్యూమినాను ఇక్కడి నుంచే ఎగుమతి చేస్తుంది. బాక్సైట్‌ను కరిగించే పని హైడ్రాక్సైడ్ అయాన్‌ది, సోడియం అయాన్ ఆవేశపు లెక్క సరిచేస్తూ ఊరికే వెంట ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను వదిలేశాక ఈ మూలకాలకు ఆ పాత తొందర ఉండదు.

ఆ తొందరను తిరిగి తెప్పించాలంటే, అంటే అయాన్‌ను మళ్లీ లోహంగా మార్చాలంటే, భారీగా శక్తి పెట్టాలి. సోడియాన్ని కరిగిన ఉప్పు నుంచి విద్యుత్తుతో తీస్తారు. పొటాషియం తయారీ మాత్రం చర్యాశీలత వరుసను నమ్మినవారికి మింగుడుపడదు: సుమారు 850 డిగ్రీల వద్ద కరిగిన పొటాషియం క్లోరైడ్‌పైకి సోడియం ఆవిరిని పంపితే, తక్కువ చురుకైనదని పేరుపడ్డ సోడియం పొటాషియాన్ని బయటికి నెడుతుంది. పొటాషియం 759 డిగ్రీలకే మరుగుతుంది, సోడియానికి 883 కావాలి. ఏర్పడిన పొటాషియం ఎప్పటికప్పుడు ఆవిరిగా తప్పుకుంటూ ఉంటే సమతాస్థితి ఆ దిక్కుకే జరుగుతూ పోతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. ప్రపంచంలోని ఏ బ్లాస్ట్ ఫర్నేసుకైనా తప్పని ఒక బెడద ఇదే బాష్పశీలత వల్ల వచ్చింది. ఇనుప ఖనిజంలోనూ, బొగ్గు నుంచి చేసే ఇంధనమైన కోక్ బూడిదలోనూ సిలికేట్ల రూపంలో కొద్దిపాటి పొటాషియం, సోడియం లోపలికి వస్తాయి. కొలిమి అడుగున ఉండే తీవ్రమైన వేడిలో కార్బన్ వాటిని లోహపు ఆవిరిగా క్షయకరిస్తుంది. పరీక్ష నాళికలో కార్బన్ పొటాషియాన్ని క్షయకరించగలదని ఎవరూ అనరు, కొలిమిలో అది రోజూ జరిగే పనే. ఆ ఆవిరి పైకి లేచి, చల్లని భాగంలో కార్బొనేట్లుగా, సయనైడ్లుగా మారి కిందికి దిగుతున్న ముడి పదార్థం మీద పేరుకుంటుంది. దానితోపాటే మళ్లీ అడుగుకు చేరి మళ్లీ ఆవిరవుతుంది. ఇలా చుట్లు తిరుగుతూ లోపల పోగయ్యే మొత్తం, ఒక విడతలో వచ్చి పడేదానికి ఎన్నో రెట్లు అవుతుంది. బ్యాటరీలో లిథియం గ్రాఫైట్ పొరల్లోకి దూరినట్టే ఇక్కడ పొటాషియం కోక్‌లోని కార్బన్ పొరల్లోకి దూరి దాన్ని ఉబ్బించి పగలగొడుతుంది. కార్బన్ డయాక్సైడ్ కోక్‌ను తినే చర్యకు ఉత్ప్రేరకంగానూ పనిచేస్తుంది. కొలిమి లోపలి పూత ఇటుకలోకి ఇంకి దాన్ని బీటలు వారుస్తుంది, గోడలకు గడ్డలు కట్టి పదార్థం దిగకుండా అడ్డుపడుతుంది.

దీన్ని వదిలించుకునే ముఖ్యమైన దారి లోహమలం, అంటే కరిగిన ఇనుము మీద తేలే మలినాల ద్రవం. లోహమలంలో సున్నం పాలు తగ్గించి ఆమ్ల గుణం పెంచితే, వేడి కూడా కాస్త తగ్గితే, సిలికా క్షారాలను పట్టి ఉంచి బయటికి తీసుకుపోతుంది. అయితే ఇనుములోని గంధకాన్ని లాగేయడానికి లోహమలంలో సున్నం ఎక్కువగా, వేడి హెచ్చుగా ఉండాలి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. అందుకే కొలిమి నడిపే ఇంజనీర్లు మామూలు రోజుల్లో గంధకం వైపు మొగ్గి, క్షారాలు హద్దు మీరాయని అనుమానం వచ్చినప్పుడు కొంతకాలం సున్నం తగ్గించి వాటిని కడిగేస్తారు, ఆ రోజుల్లో వచ్చే ఇనుములో గంధకం పెరిగితే దాన్ని కొలిమి బయట విడిగా తొలగిస్తారు.